పది వేల ల్యూమెన్ల టార్చి చేను అవతలి గట్టును ఎందుకు చూపించదు?

ప్రశ్న: వేరుశనగ చేనుకు రాత్రి కాపలా వెళ్లేందుకు 10,000 ల్యూమెన్లు, 2 కిలోమీటర్ల ఫోకస్ అని రాసి ఉన్న టార్చిలైటును ఆన్‌లైన్‌లో కొన్నాను. పక్క రైతు దగ్గరున్న 600 ల్యూమెన్ల లైటు అవతలి గట్టు మీది అడవిపందిని చూపిస్తుంటే, నాది సగం చేను కూడా దాటడం లేదు. లోపం ఎక్కడుంది? అమెరికాలో ఉన్న మా అబ్బాయి చేత మంచిది తెప్పించుకోవచ్చా? - అనంతపురం జిల్లా నుంచి ఒక రైతు

జవాబు: అంకెలు మాత్రమే మారుతూ ఇదే ఫిర్యాదు మాకు తరచుగా వస్తోంది. ల్యూమెన్ అనేది టార్చి నుంచి అన్ని వైపులకూ కలిపి బయటపడే మొత్తం వెలుగుకు కొలత. ఆ వెలుగు ఎంత దూరం పోతుందో తేల్చేది కాండెలా, అంటే ఒకే దిశలో అది ఎంత గాఢంగా పోతోందన్న లెక్క. మోటారు పోసే నీరు అంతే అయినా పైపు మూతిని బొటనవేలితో నొక్కితే ధార దూరం పడుతుంది. అలాగే చిన్న ఎల్‌ఈడీని వెడల్పాటి, లోతైన రిఫ్లెక్టరులో కూర్చితే తక్కువ ల్యూమెన్లే ఎక్కువ దూరం చేరతాయి. మీ పక్క రైతు లైటు చేస్తున్నది అదే.

అమెరికాలో 2009లో వచ్చిన ఎఫ్‌ఎల్‌1 అనే ప్రమాణం ప్రకారం, టార్చి వెలుగు 0.25 లక్స్‌కు (లక్స్ అంటే ఒక చోట పడే వెలుగుకు కొలత), అంటే ఇంచుమించు నిండు పున్నమి వెన్నెలకు పడిపోయే చోటును దాని దూరంగా లెక్కగడతారు. కాండెలా అంకెకు వర్గమూలం కట్టి రెట్టింపు చేస్తే ఆ దూరం మీటర్లలో వస్తుంది. 40,000 కాండెలాలు ఉంటే 400 మీటర్లు. 1,500 ల్యూమెన్లు వెదజల్లుతున్నా 5,625 కాండెలాలే ఉన్న టార్చికి 150 మీటర్లే. మీ పెట్టె మీద రాసిన 2 కిలోమీటర్లు నిజం కావాలంటే 10 లక్షల కాండెలాలు కావాలి. అరచేతిలో ఇమిడే చౌక జూమ్ టార్చికి అది సాధ్యం కాదు. పైగా నిజాయితీగా 400 మీటర్లు అని రాసిన లైటుతో కూడా ఆ దూరాన ఉన్నది పందో దూడో పోల్చుకోలేరు. 100 మీటర్ల దగ్గర 4 లక్స్ పడుతుంది కనుక అక్కడైతే తేల్చుకోవచ్చు. కాబట్టి పెట్టె మీద ఉన్న దూరంలో నాలుగో వంతునే మీ పనికి వచ్చే దూరంగా భావించండి.

రెండు టార్చిలను ఇంట్లోనే పోల్చవచ్చు. ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ వేసి, చీకటి వరండాలో 5 మీటర్ల దూరం నుంచి వెలుగు నడిబొడ్డును ఫోన్ సెన్సరు మీద పడేలా పెట్టి, వచ్చిన అంకెను 25తో హెచ్చించండి. 400 లక్స్ వస్తే 10,000 కాండెలాలు, అంటే 200 మీటర్లు. ఫోన్ సెన్సరు ప్రయోగశాల పరికరం కాదు కానీ, ఒకే ఫోన్‌తో రెండింటినీ కొలిచినప్పుడు తేడా స్పష్టంగా తెలుస్తుంది. మొత్తం వెలుగును పోల్చాలంటే తెల్లని పైకప్పు మీదికి టార్చి వేసి, ఫోన్‌ను గదిలో ఓ మూల ఉంచి చూడండి.

ఇక 10,000 ల్యూమెన్ల సంగతి. ఒక వాటుకు 100 ల్యూమెన్లు అనుకున్నా దానికి 100 వాట్లు కావాలి. మీ టార్చిలో ఉండేది బహుశా ఒకే ఒక 18650 సెల్ (బొటనవేలంత లావుండే, చార్జ్ చేసుకునే లిథియం సెల్). దానిలోంచి 28 ఆంపియర్ల కరెంటు లాగితే తప్ప ఆ వెలుగు రాదు, వచ్చినా ఎనిమిది నిమిషాలలోపే సెల్ ఖాళీ అవుతుంది. వెలుగు గురించి ఇంత ధారాళంగా అబద్ధమాడినవారు సెల్ గురించి నిజం చెబుతారని నేను నమ్మను. నా ఆందోళనంతా దాని గురించే.

సెల్‌ను బయటికి తీసి చూడండి. దాని మీద 9,900 ఎంఏహెచ్ (సెల్‌లో నిలవుండే చార్జికి కొలత) అని ఉంటే అది నకిలీ, ఎందుకంటే ఈ సైజులో మంచి సెల్ సామర్థ్యం సుమారు 3,500 మాత్రమే. మంచి సెల్ 45 నుంచి 50 గ్రాములు తూగుతుంది. అంతకు బాగా తక్కువ ఉంటే లోపల సరుకు లేదన్నమాట. పాత ల్యాప్‌టాప్ బ్యాటరీల నుంచి ఊడదీసి కొత్త తొడుగు వేసినవీ ఇలాంటి టార్చిలలోనే తేలతాయి. లిథియం సెల్ 4.2 వోల్టులకు చేరగానే చార్జింగ్ ఆగిపోవాలి. చౌక చార్జర్లు కొన్ని ఆపవు, కొన్నింటిలో ఆ ఏర్పాటే ఉండదు. సెల్ లోపల వాయువు పుట్టినప్పుడు, నీరు చొరకుండా బిగించిన అల్యూమినియం గొట్టంలోంచి అది బయటపడే దారి ఉండదు. సెల్ పైతొడుగు పాజిటివ్ బొడిపె అంచున చిరిగితే, దాని ఒళ్లంతా నెగెటివ్ కాబట్టి, చిన్న లోహపు ముక్క తగిలినా షార్ట్ అవుతుంది. ఇంత తెలిసీ, కాపలా గుడిసెలో గడ్డి పక్కన టార్చిని రాత్రంతా చార్జింగ్‌లో వదిలి నిద్రపోయేవారిని ఏమనాలో నాకు తోచదు. చార్జింగ్‌లో చెయ్యి కాలేంత వేడెక్కిన సెల్‌ను మళ్లీ వాడవద్దు. కొత్తది కొనేటప్పుడు ఐఎస్ 16046 (లిథియం సెల్స్ భద్రతకు భారతీయ ప్రమాణం) అన్న ముద్ర, దానితో పాటు R అక్షరంతో మొదలయ్యే రిజిస్ట్రేషన్ నంబరు ఉన్నాయో లేదో చూడండి.

తయారీదారుల మీద నాకున్న ఇంకో కోపం బటన్ గురించి. చీకట్లో కాలి కింద పామును చూడడానికి 100 ల్యూమెన్ల మెత్తని వెడల్పాటి వెలుగు చాలు. దాన్ని పట్టుకునేలోగా పూర్తి వెలుగు, సగం వెలుగు, కళ్లు బైర్లు కమ్మించే మిణుకు మిణుకు మోడ్ దాటుకుంటూ నాలుగుసార్లు నొక్కాల్సి వస్తోంది. గంటల లెక్కలోనూ మెలిక ఉంది: ముందు చెప్పిన ఎఫ్‌ఎల్‌1 ప్రమాణం ప్రకారమే వెలుగు పదో వంతుకు పడిపోయేదాకా ఉన్న సమయమంతా పెట్టె మీద చేరుతుంది. ‘5 గంటలు’ అని ఉంటే చివరి గంటల్లో మిగిలేది ఏపాటిదో ఊహించుకోండి.

మీ అబ్బాయి చేత తెప్పించుకోవచ్చు. కాండెలా లేదా ఎఫ్‌ఎల్‌1 దూరం రాసి ఉన్నదే, ఒక పెద్ద రిఫ్లెక్టరుతో, సెల్ మార్చుకునే వీలున్నదే కొనమనండి. విడి సెల్స్‌ను విమానంలో చెక్‌ఇన్ సామానులో పెట్టనివ్వరు కనుక, వాటిని ప్లాస్టిక్ డబ్బాలో వేసి చేతి సంచిలోనే తీసుకురావాలి. ఇప్పుడున్న టార్చిని గడువు దాటకముందే తిప్పి పంపి డబ్బు వెనక్కి అడగండి.