ప్రాక్సిమా పెళ్లికొడుకు: ఒక కొత్త రచయిత్రికి ఉత్తరం

అమ్మా,

నీ కథ చదివాను. ఊరు మారినా, ఇల్లు మారినా నీ కథానాయిక పాత ఫోన్ నంబరు వదులుకోలేక నెలనెలా రీచార్జి చేయిస్తూ ఉంటుందే, ఆ నాలుగు వాక్యాలు బాగున్నాయి. వాటి కోసమే ఇంత పొడుగు ఉత్తరం రాస్తున్నాను. మిగతా కథ మాత్రం నాకు కోపం తెప్పించింది.

4.24 కాంతి సంవత్సరాల అవతల, సూర్యుడి తర్వాత మనకి అన్నిటికంటే దగ్గరి నక్షత్రమైన ప్రాక్సిమా సెంటారీ దగ్గరున్న పెళ్లికొడుకు కాకినాడలో వంటింట్లో ఉన్న అమ్మాయితో వీడియో కాల్ మాట్లాడతాడా? "అన్నం తిన్నావా" అని అతనడగ్గానే "ఇప్పుడే" అంటుందా ఆమె? కాంతి వేగంతో వచ్చినా ఆ ప్రశ్న ఇక్కడికి చేరడానికే నాలుగేళ్ల మూడు నెలలు పడుతుంది. జవాబు వెళ్లడానికి మళ్లీ అంత. ఎనిమిదిన్నరేళ్ల ఎడబాటు అయాచితంగా నీ చేతికొస్తే, ఒక్క ఫోన్ కాల్‌తో పారేశావు. అది పోయాక కథలో బాధ మిగల్లేదు కాబట్టి దుర్మార్గుడైన బావని తెచ్చావు, తుఫాను తెచ్చావు, ఆస్పత్రి తెచ్చావు. అవేవీ అక్కర్లేదు. సైన్స్ ఫిక్షన్‌లో ప్రేమికుల్ని విడదీసేది లెక్కే. ఆ లెక్క ముందు చెయ్యాలి, కథ తర్వాత రాయాలి. ఎవరేమన్నా నేనీ మాట వదలను.

లెక్క ఎలా చెయ్యాలో చెప్తాను. ఓడ వేగం కాంతి వేగంలో 0.6 వంతో 0.8 వంతో అనుకో. వేగాన్ని వర్గం చేసి, ఒకటిలోంచి తీసేసి, వర్గమూలం కట్టాలి. భూమ్మీద గడిచే కాలంలో ఎన్నో వంతు ఓడలో గడుస్తుందో చెప్పే అంకె అదే. 0.6కి 0.8 వస్తుంది, 0.8కి 0.6 వస్తుంది. కాలిక్యులేటర్ కూడా అక్కర్లేదు. నీ కథకి 0.8 తీసుకుందాం. పోవడానికి భూమ్మీద గడిచే కాలం 4.24ని 0.8తో భాగిస్తే 5.3 ఏళ్లు. రానూ పోనూ 10.6. ఓడలో గడిచేది దానికి 0.6 వంతు, అంటే 6.36 ఏళ్లు. (వేగం పుంజుకునే కాలం ఇందులో వదిలేశాను. భూమి మీద మనకున్నంత బరువు ఓడలో తెలిసేలా వేగం పెంచుకుంటూ పోతే, 0.8 అందుకోవడానికే ఓడ గడియారంలో ఏడాది దాటుతుంది. మొదటి కథకి ఆ చిక్కు వద్దు.)

ఇప్పుడు నీ ముగింపు చూడు. అతను కుర్రాడిగానే తిరిగొచ్చేసరికి ఆమె తల నెరిసిన ముసలావిడ. ప్రాక్సిమాకి వెళ్లొస్తే ఇది జరగనే జరగదు. ఎంత వేగంతో పోనీ, ఆ ప్రయాణంలో ఇద్దరి వయసుల మధ్య వచ్చే తేడా ఎనిమిదిన్నరేళ్లు దాటదు. తల నెరవాలంటే దూరం పెంచు. అభిజిత్ నక్షత్రం పాతిక కాంతి సంవత్సరాల దూరంలో ఉంది. 0.99 వేగంతో వెళ్లొస్తే ఇక్కడ యాభై ఏళ్లు గడుస్తాయి, ఓడలో ఏడు.

నన్నడిగితే నెరిసిన జుట్టు వద్దు. ప్రాక్సిమాతోనే ఉండు. నీ కథలో నిశ్చితార్థం నాటికి అతనికి 28, ఆమెకి 26. తిరిగొచ్చేసరికి అతనికి 34 దాటి నాలుగు నెలలు, ఆమెకి 36న్నర. పెళ్లికూతురు పెళ్లికొడుకు కంటే రెండేళ్లు పెద్దదైపోయింది! జాతకాలు చూసి, ఈడూ జోడూ సరిచూసి తాంబూలాలు పుచ్చుకున్న పెద్దవాళ్లు ఇప్పుడేమంటారు? ఆమె మేనత్త ఏమంటుంది? అతని తల్లి పైకి ఏమీ అనకుండా ఏం చేస్తుంది? ఏ దుర్మార్గుడూ లేకుండానే ఇల్లంతా కథ నిండిపోతుంది. మన భాగవతంలో కకుద్మి కూతురు రేవతిని వెంటబెట్టుకుని, ఎవరికిచ్చి చెయ్యాలో అడగడానికి బ్రహ్మలోకం వెళ్లాడు. అక్కడ కాసేపు పాట విని అడిగేలోపు ఇక్కడ ఇరవయ్యేడు మహాయుగాలు గడిచాయి. మనసులో అనుకున్న వరుళ్లలో ఒక్కడూ మిగల్లేదు. చివరికి బలరాముడికిచ్చి చేశారు. పెళ్లి సంబంధం, కాలం లెక్క కలిసిన కథ మన ఇంట్లోనే ఉండగా నువ్వు ఇంగ్లీషు సినిమాల వైపు చూడటం నాకు కష్టంగా ఉంది.

రేడియో మీద కాంతి వేగంతో పంపుకునే ఉత్తరాల సంగతి ఇంకా ముఖ్యం. దూరమవుతున్న ఓడకి ఉత్తరాలు పలచబడి అందుతాయి, దగ్గరవుతుంటే ముసురుకుంటాయి. 0.8 వేగానికి ఆ హెచ్చుతగ్గు సరిగ్గా మూడింతలు. ఆమె వారానికొక ఉత్తరం రాస్తే, పోయేటప్పుడు అతనికి మూడు వారాలకొకటి అందుతుంది, వచ్చేటప్పుడు వారానికి మూడు. పోయే 3.18 ఏళ్లలో అతను చదివేది యాభై అయిదు ఉత్తరాలు. అంటే ప్రాక్సిమా దగ్గర నిలబడ్డప్పుడు ఆమె బతుకులో అతనికి తెలిసింది ఒక్క ఏడాదే. వచ్చే 3.18 ఏళ్లలో దాదాపు అయిదొందలు వచ్చి మీద పడతాయి. ఆమె వైపు చూడు: తొమ్మిదిన్నరేళ్ల పాటు, దూరంగా పోతున్న మనిషి రాసిన ఉత్తరాలే చదువుతూ ఉంటుంది. అతను వెనక్కి తిరిగాడని తెలిసేది ఆఖరి ఏడాదిలో.

నీ కథలో అతను బయల్దేరిన మూడేళ్లకి ఆమె తండ్రి పోయాడు. ఆ రోజే ఆమె రాసిందనుకో. ఆ ఉత్తరం అతనికి ఓడ వెనక్కి తిరిగిన ఎనిమిది నెలలకి అందుతుంది. చదివిన క్షణాన్నే పరామర్శ రాసినా, ఆమెకి చేరేసరికి బయల్దేరి తొమ్మిదేళ్ల తొమ్మిది నెలలు. అప్పటికి తండ్రికి ఆరు తద్దినాలు పెట్టేశారు. ఆ పూట ఆమె ఏం చేస్తోంది? ఆ ఉత్తరం పూర్తిగా చదువుతుందా, సగంలో ఆపుతుందా? అతను ఏడుస్తున్న తీరు చూసి, ఆరేళ్ల కిందటి దుఃఖం మీద ఆమెకి విసుగొస్తుందా? ఆ దృశ్యం రాయి. పాత ఫోన్ నంబరు రాసిన చెయ్యే అది కూడా రాయగలదు.

ఇందుకు ఒక కాగితం మీద మూడు గడులు గీసుకో: ఆమె గడియారం, అతని గడియారం, దారిలో ఉన్న ఉత్తరాలు. కథలో ప్రతి సంఘటనకీ ఒక వరుస. మూడో గడి రాయకపోవడం వల్లే ఎక్కువ కథలు చెడతాయి. ఇద్దరి వయసులూ సరిపోతాయి గానీ, ఇంకా అందని కబురు పాత్రలకి ముందే తెలిసిపోతుంది. చదివేవాడికి తప్పెక్కడో తెలియకపోయినా, ఏదో అబద్ధమని తెలుస్తుంది.

శరీరాల విషయంలోనూ ఇంతే. ఇంజన్ ఆగి సాగిపోతున్న ఓడలో బరువుండదు. అక్కడ కన్నీరు చెంప మీదికి జారదు. కంటి మీదే నీటి ముద్దలా పేరుకుని, మండుతుంది. 2013లో కెనడా వ్యోమగామి క్రిస్ హాడ్‌ఫీల్డ్ అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలోంచి వీడియోలో చేసి చూపించాడు. తువ్వాలుతో అద్దుకుంటే తప్ప పోదు. ఒంట్లో నీరు తలవైపు ఎక్కి ముఖం ఉబ్బుతుంది, ముక్కు దిబ్బడేస్తుంది, వాసనలు మందగిస్తాయి. అంచేత అతను దాచుకున్న మల్లెపూల పొట్లం విప్పినప్పుడు గుప్పుమనే వాసన కొట్టెయ్యి. వాసన అందకపోవడమే రాయి. ఇద్దరు కౌగిలించుకోవాలన్నా గోడ కమ్మీ కింద ఎవరో ఒకరు పాదాలు దూర్చుకోవాలి, లేకపోతే కలిసి తేలిపోయి దేనికో తగులుకుంటారు. పట్టు సడలిన చోట దూరమవుతారు. ఇది తెలిస్తే నీకు ఉపమానాలు అక్కర్లేదు.

"సైన్స్ తగ్గించండి, ప్రేమ పెంచండి" అని నీకు ఎవరో సంపాదకుడు రాశాడన్నావు. ఈ మాట నాకు కొత్త కాదు. పత్రికల్లో చాలాకాలంగా ఇదే వినపడుతోంది. రెంటినీ రెండు డబ్బాల్లో పోసుకున్నవాళ్లు అనే మాట అది. పండగ పోటీలకి పేజీల కొలత పెట్టి, కోత పడాల్సొస్తే మొదట తేదీలూ అంకెలూ ఉన్న పేరానే కోస్తారు. నీ కథలో ఎడబాటంతా ఆ పేరాలోనే ఉంటుంది. ఈమధ్య మరో ఫ్యాషన్: చివరి వాక్యంలో ప్రేయసి రోబో అని తేలడం. చదివినవాడు ఉలిక్కిపడి పేజీ తిప్పేస్తాడు, అంతే. రోబోతో కాపురం రాయాలంటే మొదటి పేజీలోనే చెప్పి, ఆ తర్వాత వాళ్లిద్దరి సోమవారం ఎలా గడుస్తుందో రాయాలి.

ఉద్యోగం చేస్తూ ఎప్పుడు రాయమంటారని అడిగావు. రెండు పనుల్ని విడదియ్యి. లెక్కలు, తేదీలు, మూడు గడుల కాగితం సాయంత్రం అలసిపోయి ఉన్నా చెయ్యొచ్చు. బస్సులో ఫోన్‌లోనైనా చెయ్యొచ్చు. వాక్యాలు మాత్రం తెల్లవారుజామున, ఆఫీసు మెసేజీలు చూడకముందు. రోజుకి మూడొందల మాటలు చాలు. తర్వాతి వాక్యం ఏమిటో తెలిసినచోటే ఆపు. మర్నాడు సులువుగా అందుకుంటావు. లెక్కా వాక్యమూ ఒకే కూర్చోటంలో చేస్తే, అంకెని దృశ్యం చెయ్యకుండా ఉపన్యాసంలోకి దింపేస్తావు. నీ కథ మూడో పేజీ అలా తయారైందే.

మంగళయానం కథ ఒకటి రాద్దామనుకుంటున్నానన్నావు. రాయి. కుజుడి మీద రోజు మన రోజు కంటే దాదాపు నలభై నిమిషాలు ఎక్కువ. అక్కడొకరూ ఇక్కడొకరూ ఉంటే ఆమె ఉదయం అతని ఉదయంతో కలిసేది ముప్పై ఆరేడు రోజులకొకసారి. మాట చేరడానికి దగ్గరున్నప్పుడు మూడు నిమిషాలు, దూరమైనప్పుడు ఇరవై రెండు. ఇరవయ్యారు నెలలకొకసారి సూర్యుడు అడ్డొచ్చి దాదాపు రెండు వారాలు కబుర్లు ఆగిపోతాయి. ఆ రెండు వారాలకి ముందురోజు గొడవపడ్డ మొగుడూ పెళ్లాల కథ ఇంకా ఎవరూ రాయలేదనుకుంటాను.

చివరగా టైపింగు. నీ ఫైల్లో "రాకెట్‌లో" అన్నది కొన్నిచోట్ల "రాకెట్లో" అయింది, "సాఫ్ట్‌వేర్" కలిసిపోయి "సాఫ్ట్వేర్" అయింది. పొల్లు తర్వాత అక్షరాలు కలవకుండా ఆపే గుర్తు, కంటికి కనపడనిది, ఒక రకం ఫాంటులోంచి మరో రకంలోకి మార్చినప్పుడు ఎగిరిపోవచ్చు. మన రకం కథల్లో ఇంగ్లీషు మాటలు ఎక్కువ కాబట్టి ఈ బాధా ఎక్కువే. పత్రికలవాళ్లు యూనికోడ్‌ని పేజీలు కూర్చే తమ డీటీపీ ఫాంటులోకి మార్చుకున్నాక ప్రూఫు అడిగి చూసుకో. నాకు పంపేటప్పుడు యూనికోడ్ ఫైలూ పీడీఎఫ్ రెండూ పంపు. ఆ మూడు గడుల కాగితం కూడా ఫొటో తీసి జత చెయ్యి. ముందు అదే చూస్తాను.

ఆశీస్సులతో.