హల్ షాపులో చేరబోతున్న అమ్ములుకి పెద్దమ్మ ఉత్తరం

అమ్ములూ,

నీకు షిప్‌యార్డులో వెల్డర్ ట్రైనీగా పోస్టు వచ్చిందని మీ అమ్మ ఫోన్ చేసేసరికి ఇక్కడ రిచ్‌మండ్‌లో తెల్లవారుజాము నాలుగు. మళ్ళీ పడుకున్నా నిద్ర పట్టలేదు. టీ పెట్టుకుని కూర్చుని ఈ ఉత్తరం మొదలుపెట్టాను. మీ అమ్మకి సంతోషం ఎంతుందో భయమూ అంతే ఉంది. "అంతమంది మగాళ్ళ మధ్య ఒక్క ఆడపిల్ల" అని రెండు మూడు సార్లు అంది. ఆఖర్న మాటల్లో మాటగా బయటపడింది, నీ బ్యాచ్‌లో నలుగురు ఆడపిల్లలున్నారని. అది విన్నాక నా మనసు కుదుటపడింది. 1979లో నేను ఒక ఫ్యాబ్రికేషన్ షాపులో చేరినప్పుడు చేతిలో వెల్డింగ్ రాడ్ హోల్డర్ పట్టుకున్న ఆడదాన్ని నేనొక్కదాన్నే. అందుకే ఈ ఉత్తరంలో వెల్డింగ్ గురించి కంటే మీ నలుగురి గురించే ఎక్కువ రాస్తాను.

నేనుంటున్న ఊరి సంగతి నీకెప్పుడూ సరిగ్గా చెప్పలేదు. ఇది శాన్‌ఫ్రాన్సిస్కో బే ఒడ్డున ఉంది. రెండో ప్రపంచ యుద్ధంలో ఇక్కడ కైజర్ కంపెనీ నాలుగు షిప్‌యార్డులు నడిపింది. యుద్ధం అయ్యేలోగా 747 ఓడలు కట్టారు. 1940లో పాతిక వేల లోపు జనమున్న ఊరు మూడు నాలుగేళ్ళలో లక్షకు చేరింది. టెక్సాస్, లూసియానా, ఆర్కన్సా, ఓక్లహామా నుంచి జనం కుటుంబాలతో తరలివచ్చారు. పడుకోవడానికి చోటు చాలక ఒకే మంచాన్ని మూడు షిఫ్టుల వాళ్ళు వంతులవారీగా అద్దెకు తీసుకునేవారట. పనివాళ్ళలో నాలుగో వంతుకు పైగా ఆడవాళ్ళే. అంతకుముందు హోటళ్ళలో వడ్డించినవాళ్ళు, ఇళ్ళల్లో అంట్లు తోమినవాళ్ళు, పొలంలో పత్తి తీసినవాళ్ళు, బళ్ళో పాఠాలు చెప్పినవాళ్ళు. కొన్ని వారాల శిక్షణతో వెల్డర్లయ్యారు.

ఆ యుద్ధంలోనే, 1942 ఏప్రిల్ 6న, మన విశాఖ మీద జపాన్ విమానాలు బాంబులు వేశాయి. మీ అమ్మమ్మకి అప్పుడు పదేళ్ళు. మూటా ముల్లే కట్టుకుని బండి మీద ఊరు వదిలి వెళ్ళిన సంగతి నాకు చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో. మన యార్డుకి అంతకు ముందు ఏడాదే శంకుస్థాపన జరిగింది. మొదటి ఓడ జల ఉష నీళ్ళలోకి దిగేసరికి 1948 అయింది.

మా ఇంటి నుంచి నడిచి వెళ్ళేంత దూరంలో, ఒకప్పుడు రెండో నంబరు యార్డు ఉన్నచోట, యుద్ధకాలంలో పనిచేసిన ఆడవాళ్ళ పేరున ఒక స్మారకం కట్టారు. యుద్ధంలో సరుకులు మోసిన లిబర్టీ ఓడ ఎంత పొడుగో అంత పొడుగు బాట, 441 అడుగులు. రోజూ పొద్దున్న అటు నుంచి ఇటు నడుస్తాను. దగ్గర్లోనే మ్యూజియం ఉంది. అక్కడ శుక్రవారాల్లో, ఆ యుద్ధకాలంలో పనిచేసిన ముసలమ్మలు వచ్చి కూర్చునేవారు. నేనీ ఊరొచ్చిన కొత్తలో ఒక వెల్డరమ్మ, తొంభై దాటిన మనిషి, నా ముంజేతి మీద నిప్పురవ్వల మచ్చలు చూసి ఏమీ అడక్కుండా తన చొక్కా చెయ్యి పైకి మడిచి చూపించింది. అవే మచ్చలు. నాకు అప్పటికి ఇంగ్లీషు తడబడుతూనే ఉంది. అయినా ఆ రోజు గంటన్నర మాట్లాడుకున్నాం.

ఇక పని సంగతి. మొదటి నెల ఎవరూ నీకు ఓడ ఇవ్వరు, స్క్రాప్ ప్లేటు ముక్కలు ఇస్తారు. వాటిని చిన్నచూపు చూడకు. రిచ్‌మండ్ వాళ్ళు కొత్తవాళ్ళతో ఓడలు కట్టగలిగారంటే అందుకో కారణముంది. ఓడని ఒక్కచోట కింద నుంచి పైకి కట్టకుండా, పెద్ద పెద్ద భాగాలుగా నేలమీద తయారుచేసి, క్రేన్లతో తీసుకెళ్ళి అతికేవారు. భాగాన్ని నేలమీదే తిప్పుకోవచ్చు గనక చాలా వెల్డింగ్ కిందికి చూస్తూ చేసేదే అయ్యేది. అది త్వరగా వస్తుంది. ప్లేట్లని మేకుల్లాంటి రివెట్లతో బిగించే పని అంత త్వరగా రాదు. అలా ముందే భాగాలు సిద్ధం చేసుకుని, రాబర్ట్ ఇ. పియరీ అనే ఓడని 1942 నవంబరులో 4 రోజుల 15 గంటల 29 నిమిషాల్లో నీళ్ళలోకి దింపారు. నువ్వు కూడా ముందు కిందిచూపు వెల్డింగ్‌లో చెయ్యి కుదుర్చుకో. నిలువు, తలపైన ఆ తర్వాత. తొందరపెట్టి తలపైన చేయిస్తే నిప్పులు మెడలో పడతాయి, చెయ్యి బెదురుతుంది, ఒకసారి బెదిరిన చెయ్యి మళ్ళీ కుదురుకోవడానికి నెలలు పడుతుంది.

నేర్చుకోవడానికి పాతికేళ్ళ సర్వీసున్న మేస్త్రీ దగ్గరికే పరిగెత్తకు. ఆయన చెయ్యి దానంతట అదే పోతుంది, ఎలా పోతోందో ఆయనకే గుర్తుండదు. నీకంటే రెండు నెలలు ముందు చేరినవాళ్ళని అడుగు. రాడ్ ప్లేటుకి అతుక్కుపోయి ఏడ్చిన రోజు వాళ్ళకింకా గుర్తుంటుంది. మీ నలుగురిలో ఒకరికి నిలువు వెల్డింగ్ ముందొస్తుంది, ఇంకొకరికి డ్రాయింగ్ చదవడం ముందొస్తుంది. ఎవరికి ఏదొస్తే అది మిగతా ముగ్గురికీ సాయంత్రం చెప్పాలని మొదటి రోజే అనుకోండి. రోజుకి ఒక ముక్క మార్చుకోండి. నీ బీడ్, అంటే నువ్వు వేసిన వెల్డ్ గీత, ఆమె చూడాలి, ఆమెది నువ్వు చూడాలి. మొహమాటం లేకుండా తప్పు చెప్పగలిగే మనిషి దొరకడం షాపులో చాలా కష్టం. మగవాళ్ళు నీ పనిని మెచ్చుకున్నా, తిట్టినా, అందులో సగం నువ్వు ఆడపిల్లవని అనేదే ఉంటుంది.

కళ్ళ గురించి గట్టిగా చెప్పాలి. పక్కవాడు ఆర్క్ (వెల్డింగ్ మెరుపు) కొట్టేటప్పుడు నీ మొహం మీది స్క్రీన్ పైకెత్తి ఉంటే ఆ క్షణం ఏమీ తెలియదు. రాత్రి పదకొండుకి కళ్ళల్లో ఇసుక పోసినట్టుంటుంది. నాకు మొదటి వారంలోనే ఆర్క్ తగిలింది. ఆడపిల్లకి ఈ పని చేతకాదంటారని సిగ్గుపడి ఎవరికీ చెప్పలేదు. మర్నాడు కళ్ళు వాచిపోయి, గోడ పట్టుకుని నడుస్తుంటే చూసింది షాపులో స్లాగ్, అంటే వెల్డ్ మీంచి రాలే చిట్టెం, ఊడ్చే ఆవిడ. కాంట్రాక్టు కూలీ. "నా చీపురూ కంపెనీదే, నీ హోల్డరూ కంపెనీదేనే" అని చెయ్యి పట్టుకుని డిస్పెన్సరీకి తీసుకెళ్ళింది. నువ్వు దాచకు. కళ్ళ మీద బంగాళదుంప ముక్కలు పెట్టుకోమని చెప్పేవాళ్ళుంటారు, ముందు డాక్టరు దగ్గరికి వెళ్ళు. జింకు పూసిన ప్లేటు వెల్డ్ చేస్తే సాయంత్రానికి చలిజ్వరం వస్తుంది. పాలు తాగితే పోతుందంటారు, పోదు. పొగ లాగే బ్లోయర్ పెట్టమని అడుగు. నలుగురూ కలిసి అడిగితే పెడతారు.

సన్నగా ఉన్నావు కదా అని నిన్ను ఓడ అడుగున రెండు పొరల మధ్య ఉండే డబుల్ బాటమ్‌లోకి, ఇరుకు ట్యాంకుల్లోకి పంపాలని చూస్తారు. యుద్ధంలో ఇక్కడి ఆడవాళ్ళకీ అదే జరిగింది, పెద్ద మనిషి దూరని చోటల్లా వాళ్ళే దూరారు. వెళ్ళు, తప్పులేదు. కానీ గ్యాస్ చెక్ కాగితం కంటితో చూడకుండా, మ్యాన్‌హోల్ దగ్గర నీ కోసం ఒక మనిషి నిలబడకుండా అడుగు పెట్టకు. ఆ మనిషి ఎవరో నీకు తెలిసుండాలి. టీ కోసం వెళ్ళిపోయే మనిషి కాకూడదు. ఈ ఒక్క విషయంలో పని చెప్పే చార్జ్‌మ్యాన్‌తో గొడవైనా పరవాలేదు.

భోజనం ఒంటరిగా తినకు. నేను మొదటి రెండు నెలలు స్టోరు వెనకాల, గోడకి మొహం పెట్టి కేరేజీ విప్పుకునేదాన్ని. నా కళ్ళ సంగతి జరిగాక ఆ ఊడ్చే ఆవిడ తన పక్కన కూర్చోబెట్టుకుంది. ఆవిడ ఉప్పుచేప, నా పప్పు. ఏ బాత్రూముకి గడియ సరిగ్గా పడదో, ఏ క్రేను ఆపరేటరు సైరన్ కొట్టకుండా లోడు తిప్పుతాడో, ఎవరి మాటకి నవ్వి ఊరుకోవాలో, ఎవరి మాట పైకి చెప్పాలో, అన్నీ ఆవిడే నేర్పింది. ఏ ట్రైనింగ్ సెంటర్లోనూ అవి చెప్పరు.

తర్వాత నేను చేసినది నీకు చెప్పాలి. ఆరేళ్ళకి ఇన్‌స్పెక్షన్‌లోకి మారాను. స్టాఫ్ క్యాంటీన్ వచ్చింది. అక్కడికి కాంట్రాక్టు వాళ్ళని రానివ్వరు. నేను వెళ్ళి ఆ బల్లల దగ్గర కూర్చున్నాను. బయటికొచ్చి ఆవిడ పక్కన కూర్చుంటే ఎవరూ నన్ను ఉరి తీసేవారు కాదు. కూర్చోలేదు. కొన్నాళ్ళకి ఆవిడ కాంట్రాక్టు అయిపోయింది, ఎక్కడికెళ్ళిందో తెలుసుకోలేదు. నలభై ఏళ్ళయింది, ఇప్పటికీ నాకది ముల్లులాగే ఉంది.

రిచ్‌మండ్‌లోనూ ఒక క్యాంటీన్ గోడ ఉండేది. యార్డు వెల్డర్లు చేరాల్సిన బాయిలర్‌మేకర్స్ యూనియన్ 1942 వరకూ ఆడవాళ్ళని తీసుకోలేదు. తీసుకున్నాక కూడా నల్లవాళ్ళని, ఆడా మగా అందర్నీ, వేరే అనుబంధ శాఖలో పడేసింది. చందా కట్టాలి, ఓటు మాత్రం ఉండదు. బెట్టీ రీడ్ సోస్కిన్ అనే ఆవిడ ఆ శాఖ ఆఫీసులోనే గుమాస్తాగా కార్డులు సర్దింది. ఎనభై దాటాక మా ఊళ్ళో ఆ మ్యూజియం ఉన్న పార్కులోనే రేంజరుగా చేరి, వందేళ్ళు నిండాక 2022లో రిటైరయింది. వెల్డరమ్మల బొమ్మల్లో తనలాంటివాళ్ళు ఎక్కడున్నారని అన్నేళ్ళూ అందరికీ చెబుతూ వచ్చింది. బే అవతలి ఒడ్డున మారిన్‌షిప్ యార్డులో జోసెఫ్ జేమ్స్ అనే వెల్డరు ఆ అనుబంధ శాఖ పద్ధతి మీద కోర్టుకెళ్ళాడు. 1944 చివర్లో కాలిఫోర్నియా సుప్రీం కోర్టు ఆయన పక్షాన తీర్పిచ్చింది. తెల్ల వెల్డరమ్మలు, నల్ల వెల్డరమ్మలు ఒకే ప్లేటుకి రెండు పక్కలా కూర్చుని పనిచేసి, యూనియన్ హాలుకి మాత్రం వేరు వేరు గుమ్మాల్లోంచి వెళ్ళారు. మీ నలుగురి స్నేహం గట్టిపడ్డాక, మీ బల్ల దగ్గర ఎవరు లేరో ఓసారి చూడండి. కాంట్రాక్టు వాళ్ళు, ఒడిశా నుంచి వచ్చినవాళ్ళు, వెల్డ్ చెక్కే చిప్పింగ్ పని చేసేవాళ్ళు, పెయింట్ గీకేవాళ్ళు.

ఎప్పుడో ఒకరోజు వెల్డ్ పగులుతుంది. అప్పుడు అందరి వేళ్ళూ కొత్తవాళ్ళ వైపు, అందులోనూ ఆడవాళ్ళ వైపు తిరుగుతాయి. 1943 జనవరిలో పోర్ట్‌లాండ్‌లో స్కెనెక్టడీ అనే కొత్త ట్యాంకర్, సముద్రంలో పరీక్షలన్నీ అయ్యాక, రేవులో కట్టేసి ఉండగానే నడిమికి విరిగింది. ముందుగా వెల్డింగ్‌నే తప్పుపట్టారు. వెల్డింగ్ లోపాలు లేవని అనను, ఉన్నాయి. కానీ చలికి ఆ ఉక్కే గాజులా పెళుసైపోతోందని, రివెట్ల ఓడలో ప్లేటు అంచున ఆగే పగులు వెల్డింగ్ ఓడలో ఆగకుండా పోతోందని కేంబ్రిడ్జిలో తేల్చి చూపించింది కాన్‌స్టన్స్ టిప్పర్ అనే లోహశాస్త్రవేత్త. ఇన్‌స్పెక్టరుగా నేను ఎన్నో పగుళ్ళు చూశాను, ప్రతిసారీ ఆవిణ్ణి తలుచుకునేదాన్ని. అందుకని నీ రాడ్ బ్యాచ్ నంబరు, ప్లేటు హీట్ నంబరు (ఆ ఉక్కు ఏ పోతలోదో చెప్పేది), కరెంటు ఎంత పెట్టావో, ఆ రోజు ఎవరు పక్కన ఉన్నారో ఒక చిన్న పుస్తకంలో రాసుకో. తప్పు నీదైతే ఒప్పుకో. కాకపోతే ఆ పుస్తకం మాట్లాడుతుంది.

పెళ్ళి, పిల్లలు అని మీ అమ్మ అప్పుడే మొదలుపెట్టింది. దానికి ఇప్పుడు జవాబు చెప్పక్కర్లేదు. పోర్ట్‌లాండ్‌లో కైజర్ యార్డుల గేట్ల దగ్గరే 1943లో పిల్లల కేంద్రాలు పెట్టారని గుర్తుంచుకో. ఇరవై నాలుగు గంటలూ నడిచేవి. షిఫ్ట్ దిగిన తల్లి బిడ్డతోపాటు వండిన కూర కూడా ఇంటికి పట్టుకెళ్ళే వీలుండేది. యుద్ధం అయ్యాక వాటిని మూసేశారు. మన దగ్గర యాభై మంది, ఆ పైన పనిచేసే చోట క్రెష్ ఉండాలని 2017లో చట్టమే వచ్చింది. మీలో ఎవరికి అవసరం వచ్చినా నలుగురూ సంతకం పెట్టండి.

1945లో ఆడవాళ్ళని ఇంటికి పంపేశారు. పోయేటప్పుడు చాలామంది దగ్గర చేసిన పనికి తగ్గ కాగితం ముక్క లేదు. నీ క్వాలిఫికేషన్ టెస్టు సర్టిఫికెట్లు ఫోటో తీసి నాకూ ఒక కాపీ పంపు.

స్టోర్లో ఇచ్చే లెదర్ గ్లౌజులు మగవాళ్ళ సైజువి. వేళ్ళ చివర ఖాళీ ఉంటే రాడ్ అదుపులో ఉండదు. ఇక్కడ ఆడవాళ్ళ సైజువి దొరికాయి, అయిదు జతలు కొన్నాను. మీ బావ దసరాకి వస్తున్నాడు, అతనితో పంపుతున్నా. నాలుగు మీ నలుగురికి. అయిదోది మీ షాపులో స్లాగ్ ఊడ్చే ఆవిడ ఎవరో కనుక్కుని ఆవిడకివ్వు. మొదటి సి షిఫ్ట్, అదే రాత్రి షిఫ్ట్, దిగాక ఫోన్ చెయ్యి, ఇక్కడ సాయంత్రమే అవుతుంది, మెలకువగానే ఉంటాను.

నీ పెద్దమ్మ