టి కణాల రిసెప్టర్ జన్యువుల మీద పని మొదలుపెట్టిన నీకు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నువ్వు పంపిన పట్టిక రెండుసార్లు చూశాను. రోగుల కణజాలంలో, టి కణాల (రోగాలతో పోరాడే ఒక రకం తెల్ల రక్తకణాల) మీద ఉండి శత్రువును గుర్తించే రిసెప్టర్‌ను తయారుచేసే జన్యువులు టీఆర్‌ఏసీ, టీఆర్‌బీసీ1 బాగా పెరిగాయి కాబట్టి వాటిని బయోమార్కర్లుగా (జబ్బును పట్టిచ్చే గుర్తులుగా), మందులకు లక్ష్యాలుగా ప్రతిపాదిద్దామని రాశావు. తొందరపడకమ్మా. ముందు ఒకటి తేల్చుకో: పెరిగింది ఆ జన్యువుల పనా, టి కణాల సంఖ్యా?

ఈ జన్యువుల నుంచి ఆర్‌ఎన్‌ఏ తయారయ్యేది దాదాపు టి కణాల్లోనే. కణజాలం మొత్తం నూరి ఆర్‌ఎన్‌ఏ తీస్తే, టి కణాలు వచ్చి చేరిన ప్రతిచోటా ఇవి పట్టికలో పైకి వస్తాయి. వాపు ఉన్న ఏ జబ్బులోనైనా అంతే. టి కణాలన్నిటిలోనూ పనిచేసే సీడీ3 జన్యువులను వీటి పక్కనే ఉంచి పోల్చు. అవీ అంతే పెరిగి ఉంటే నీకు దొరికింది ఆ జబ్బు ఆనవాలు కాదు, టి కణాలు వచ్చాయన్న కబురు. దానికీ విలువ ఉంది, పేరు మాత్రం సరిగ్గా పెట్టాలి.

ఈ జన్యువుల అసలు విషయం వేరే చోట ఉంది. టి కణాలు ఎదిగే థైమస్ గ్రంథిలో ప్రతి టి కణం తన రిసెప్టర్ కోసం వి, డి, జె అనే జన్యు ముక్కల్లోంచి కొన్నిటిని ఏరుకుని కత్తిరించి అతికించుకుంటుంది. అతుకు దగ్గర కొన్ని డీఎన్‌ఏ అక్షరాలు పోతాయి, కొన్ని కొత్తగా చేరతాయి. ఆ అతుకు పడిన చోటే సీడీఆర్3 అనే భాగం, ఆ క్లోన్‌కి (ఒకే కణం నుంచి పుట్టిన కణాల గుంపుకి) అది వేలిముద్ర లాంటిది. కాబట్టి జన్యువు ఎంత పెరిగిందని కాదు, ఏ సీడీఆర్3 ఎన్నిసార్లు కనిపించిందో లెక్కపెట్టు. టి కణాల లింఫోమా అనే క్యాన్సర్ అనుమానం వచ్చినప్పుడు ల్యాబ్‌లో వెతికేది కూడా ఇలా పెరిగిన ఒకే క్లోన్ కోసమే. అయితే ఒక క్లోన్ పెద్దదిగా ఉన్నంత మాత్రాన క్యాన్సర్ అనుకోకు. సైటోమెగలోవైరస్ సోకిన పెద్ద వయసువాళ్లలో, ఆరోగ్యంగా ఉన్నా పెద్ద క్లోన్లు కనిపిస్తాయి.

నాకు అన్నిటికన్నా ఇష్టమైన బయోమార్కర్ ఆ కత్తిరింపులో ఊడిపడ్డ డీఎన్‌ఏ వలయం. దాన్ని ట్రెక్ అంటారు. పుట్టిన బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలో ట్రెక్‌లు లేకపోయినా మరీ తక్కువున్నా, తీవ్రమైన రోగనిరోధక లోపం ఉందేమోనని వెంటనే మిగతా పరీక్షలు చేస్తారు. ఇన్ఫెక్షన్లు ముదరకముందే చికిత్స అందడంతో ఎందరో పిల్లలు బతికారు.

శాంపిళ్ల విషయంలో ఒక మాట. ఒకసారి మేం రోగుల శాంపిళ్లు ఒక విడతలో, ఆరోగ్యవంతులవి ఇంకో విడతలో సీక్వెన్సింగ్ (జన్యు అక్షరాలు చదివించడం) చేయించాం. ఒక వి జన్యువులో గొప్ప తేడా కనిపించింది. నెలల తరబడి దాని వెంట తిరిగాక తెలిసింది, తేడా ప్రైమర్లది, అంటే చదివే ముందు జన్యువును పట్టి నకళ్లు తీయించే చిన్న డీఎన్‌ఏ ముక్కలది. నువ్వు రెండు గుంపులనూ ప్రతి విడతలో కలిపి పెట్టు. వయసు, హెచ్‌ఎల్‌ఏ (టి కణాలకు ప్రొటీన్ ముక్కలను చూపించే ప్రొటీన్లు) రకం కూడా రెండు గుంపుల్లో సరిపోలేలా చూడు. హెచ్‌ఎల్‌ఏ వేరైతే ఎంపికయ్యే రిసెప్టర్లు కూడా మారతాయి.

ఇక మందుల లక్ష్యం. టీఆర్‌బీసీ1ని నువ్వు పట్టుకోవడం నాకు సంతోషమే, కారణం మాత్రం ఇది: రిసెప్టర్‌లో ఆల్ఫా, బీటా గొలుసులున్న ఒక్కో టి కణం బీటా గొలుసుకి టీఆర్‌బీసీ1, టీఆర్‌బీసీ2లలో ఒక్కదాన్నే వాడుతుంది. ఆరోగ్యవంతుల్లో రెండు రకాలూ కలిసే ఉంటాయి. టి కణాల క్యాన్సర్ ఒకే కణం నుంచి పెరుగుతుంది కనుక అందులో ఒకే రకం ఉంటుంది. ఆ రకాన్ని తుడిచేసినా రెండో రకం కణాలు రోగిని కాపాడతాయి. ఇది జన్యువు పెరిగిందా తగ్గిందా అన్న ఆలోచన కాదు. రష్యాలో 2024లో అనుమతి పొందిన సెనిప్రుటగ్ అనే మందు కూడా ఇలాంటిదే: టీఆర్‌బీవీ9 అనే వి ముక్క ఉన్న టి కణాలను మాత్రమే తొలగిస్తుంది, యాంకిలోజింగ్ స్పాండిలైటిస్ (వెన్నెముక కీళ్ల వాపు జబ్బు) కోసం.

రిసెప్టర్‌నే మందుగా మార్చే దారీ ఉంది. కంటి మెలనోమా క్యాన్సర్‌కి టెబెంటాఫస్ప్ అనే అలాంటి మందు 2022లో అమెరికాలో అనుమతి పొందింది. కానీ మేజ్-ఏ3 అనే క్యాన్సర్ ప్రొటీన్‌ను పట్టేందుకు చేసిన రిసెప్టర్ సంగతి మరవకు. పట్టు పెంచిన ఆ రిసెప్టర్ గుండె కండరంలోని టైటిన్ అనే ప్రొటీన్ ముక్కను కూడా గుర్తించి, ఇద్దరు రోగుల ప్రాణం తీసింది. మామూలు కణాల కల్చర్‌లో ఆ ప్రమాదం కనిపించలేదు, కొట్టుకునే గుండె కణాలు పెంచి చూశాకే బయటపడింది. లక్ష్యం అని రాసే ముందు ఆ ఇద్దరినీ తలుచుకో.

ముందు సీడీ3 లెక్క వేసి పంపు. ఆ తేడా నిలబడితే, సీడీఆర్3 సీక్వెన్సింగ్‌కి ఏ శాంపిళ్లు పంపాలో కలిసి ఎంచుదాం.