అమెరికా డబ్బా అయితే భయం లేదా?

ప్రశ్న: నా వయసు 54. పదేళ్లుగా థైరాయిడ్ మాత్ర వేసుకుంటున్నాను. జుట్టు బాగా ఊడుతోందంటే డల్లాస్‌లో ఉన్న మా అమ్మాయి బయోటిన్, పసుపు క్యాప్సూల్స్ పంపింది. అక్కడ ఆహారం, మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ పరీక్షించాకే అమ్ముతారట కదా, వాడొచ్చా? - ఒక పాఠకురాలు, ఖమ్మం

సమాధానం: మందులైతే మీరన్నది నిజమేనమ్మా, సప్లిమెంట్లకు మాత్రం కాదు. 1994లో అమెరికా చేసిన చట్టం వీటిని ఆహారం కింద లెక్కేసింది, అందుకని అవి పనిచేస్తాయని కంపెనీ ముందుగా నిరూపించి ఎఫ్‌డీఏ అనుమతి తెచ్చుకోనక్కర్లేదు, ఏదైనా తేడా వచ్చాకే ఎఫ్‌డీఏ చర్య తీసుకుంటుంది. డబ్బా మీద 'జుట్టు ఆరోగ్యానికి తోడ్పడుతుంది' లాంటి మాట ఉంటే, దాన్ని ఎఫ్‌డీఏ పరిశీలించలేదని కూడా చీమ తలకాయంత అక్షరాల్లో రాసి ఉంటుంది, కళ్లజోడు పెట్టుకుని వెతకండి. మన దగ్గరా ఇవి మందులు కావు. ఆహార భద్రత చూసే కేంద్ర సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ పరిధిలోకి వస్తాయి, లేబుల్ మీద 14 అంకెల లైసెన్స్ నంబరు, 'ఔషధంగా వాడటానికి కాదు' అన్న మాట ఉండాలి.

ఇక మీ బయోటిన్, అంటే ఒక రకం బి విటమిన్. పెద్దవాళ్లకు రోజుకు 30 మైక్రోగ్రాములు చాలు, గుడ్లు, పల్లీలు తినేవాళ్లకు దాదాపు లోటుండదు. జుట్టు కోసం అమ్మే డబ్బాల్లో 5,000, 10,000 కూడా ఉంటాయి. ఎక్కువైంది మూత్రంలో పోతుంది, నిజమే, కానీ ఈలోగా రక్తపరీక్షను తప్పుదారి పట్టించగలదు. కొన్ని ల్యాబ్ పద్ధతుల్లో టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌ను పనిచేయించే హార్మోన్) ఉన్నదానికంటే తక్కువగా, టీ4 (థైరాయిడ్ హార్మోన్) ఎక్కువగా కనిపిస్తాయి. అది చూసి మాత్ర డోసు ఎక్కువైందేమోనని మీ డాక్టరు తగ్గించారనుకోండి, జుట్టు ఇంకా ఊడుతుంది! గుండెపోటును పట్టుకునే ట్రోపోనిన్ పరీక్ష కూడా ఇలాగే తప్పు చూపొచ్చని 2017లో ఎఫ్‌డీఏనే హెచ్చరించింది.

పసుపు క్యాప్సూల్ అంటే మన పోపుల డబ్బాలో పసుపు లాంటిదే అనుకోకండి. అందులో సారం గాఢంగా ఉంటుంది, ఒంటికి ఎక్కువ పట్టాలని చాలావాటిలో మిరియాల సారం కూడా కలుపుతారు. ఇవి వాడి కాలేయం దెబ్బతిన్నవాళ్లున్నారు. కళ్లు పచ్చబడినా, మూత్రం ముదురు రంగులో వచ్చినా, ఒళ్లంతా దురద పెట్టినా వెంటనే ఆపేసి డాక్టరును కలవండి. రక్తం పలచబడే మందులు వాడేవాళ్లు డాక్టరును అడగకుండా అసలు ముట్టుకోవద్దు.

ప్రస్తుతానికి రెండూ పక్కన పెట్టండి, థైరాయిడ్ మాత్ర మాత్రం మానొద్దు. మూడు రోజులు పోయాక టీఎస్‌హెచ్, హిమోగ్లోబిన్, ఫెరిటిన్ (ఒంట్లో ఐరన్ నిల్వ) పరీక్షలు చేయించుకోండి, మీ వయసులో జుట్టు ఊడటానికి కారణం చాలాసార్లు అక్కడే దొరుకుతుంది. డాక్టరు దగ్గరకు వెళ్లేటప్పుడు డబ్బాలు కూడా పట్టుకెళ్లండి. అమ్మాయి ఏమనుకుంటుందో అనే మొహమాటం ఉంటే, ఈ జవాబే ఆమెకు వాట్సాప్ చేయండి.