వేడి చేసిందని సరిపెట్టుకోకు

అమ్మాయీ,

ఫోన్‌లో సగం చెప్పి సగం మింగేశావు గనక మిగతా సగం నేనే రాస్తున్నా. దగ్గినా తుమ్మినా మూత్రం నాలుగు చుక్కలు పడుతోంది, స్కూలుకి వెళ్లే రోజు పొద్దున్నుంచీ నీళ్లు ముట్టడం లేదు, మధ్యలో మంట పుడితే వేడి చేసిందని సబ్జా నీళ్లు తాగి ఊరుకుంటున్నావు, అంతేగా? నర్సుగా ఉన్నన్నాళ్లూ చూశాను, ఆడవాళ్లు వేరే జబ్బుకని వచ్చి, అన్నీ అయిపోయి వెళ్లిపోతూ గుమ్మం దగ్గర ఆగి ఈ మాట గొణిగేవాళ్లు.

ముందు నీళ్లు మానడం ఆపు. నీళ్లు తగ్గితే మూత్రం చిక్కబడి ఇంకా మండిస్తుంది, ఇన్ఫెక్షన్ భయం పెరుగుతుంది, మలబద్ధకం వస్తే ముక్కడం ఒకటి. తగ్గించాల్సింది స్టాఫ్‌రూమ్ టీలు.

దగ్గితే పడటం వేరు, ఒక్కసారిగా ముంచుకొచ్చి బాత్రూమ్ గడియ తీసేలోపే పడిపోవడం వేరు. మొదటిది ఎక్కువగా కాన్పుల తర్వాత కింది కండరాలు వదులై వస్తుంది, దానికి ముందు మందు వ్యాయామమే. రెండోది మూత్రాశయం నిండకుండానే బిగుసుకోవడం, దానికి మాత్రలున్నాయి. కొందరికి రెండూ ఉంటాయి. అందుకే డాక్టర్ దగ్గర ‘యూరిన్ ప్రాబ్లం’ అని ఒక్క ముక్కతో సరిపెట్టకు, మూడు రోజులు ఏదైనా పాత నోట్‌బుక్‌లో రాసుకో: ఎప్పుడు ఎంత తాగావు, ఎన్నింటికి వెళ్లావు, ఏం చేస్తుంటే పడింది, రాత్రి ఎన్నిసార్లు లేచావు.

వ్యాయామం ఎలాగంటే, నలుగురిలో గ్యాస్ రాకుండా బిగబడతామే, అలా కింది కండరాలను లోపలికీ పైకీ లాగి 5 లెక్కపెట్టేదాకా ఉంచి, మళ్లీ అంతసేపూ పూర్తిగా వదిలెయ్. పదేసిసార్లు, రోజుకి మూడు పూటలు. పొట్టా తొడలూ బిగించకు, ఊపిరి ఆపకు. దోసె కాలేలోపు చేసుకోవచ్చు, ఎవరికీ తెలీదు. మూత్రం పోస్తూ మధ్యలో ఆపి ప్రాక్టీస్ చేయమని ఎవరన్నా చెబితే వినకు. రెండు వారాలు చేసి లాభం లేదనకు, మూడు నెలలన్నా చేయాలి.

మంట సంగతి. మెడికల్ షాపులో అడిగి రెండు మాత్రలు వేసుకుని తగ్గగానే మానేయడం మనవాళ్లకి అలవాటు, అక్కడే మొండి ఇన్ఫెక్షన్లు మొదలవుతాయి. యాంటీబయాటిక్ వేసుకోకముందే యూరిన్ కల్చర్‌కి (మూత్రంలో ఏ క్రిమి ఉందో, దానికి ఏ మందు పనిచేస్తుందో చూసే పరీక్షకి) ఇవ్వు, రిపోర్టు రెండు మూడు రోజులకొస్తుంది, ఈలోపు మందు మొదలుపెట్టాలా లేదా అన్నది డాక్టర్ చెబుతారు. శుభ్రంగా కడుక్కుని, మొదటి ధార వదిలేసి, మధ్యలోది ల్యాబ్ వాళ్లిచ్చిన డబ్బాలోనే పట్టు. (టానిక్ సీసా కడిగి అందులో పట్టుకొచ్చినవాళ్లున్నారు తల్లీ!) ఆలస్యం చేయకుండా ఇచ్చెయ్. పనిలో పనిగా షుగర్ కూడా చూపించుకో.

చలిజ్వరం, నడుము పక్కన నొప్పి, అసలు మూత్రమే రాకపోవడం, వీటిల్లో ఏదొచ్చినా ఆ రోజే వెళ్లాలి. మూత్రంలో రక్తం నొప్పి లేకుండా ఒక్కసారే కనబడినా వదిలేయకూడదు. మీ మామగారు రాత్రి నాలుగుసార్లు లేస్తున్నారన్నావు, ధార కూడా సన్నబడిందేమో మీ ఆయన్ని అడగమను. ప్రోస్టేట్ (మగవాళ్లకి మూత్రాశయం కింద ఉండే గ్రంథి) పెరగడం కావచ్చు, యూరాలజిస్ట్‌కి చూపించండి.

నువ్వు గైనకాలజిస్ట్ దగ్గర మొదలుపెట్టు. ముందే బాత్రూమ్‌కి వెళ్లి రాకు, నిండుగానే వెళ్లు. ఆవిడ దగ్గమంటే గట్టిగా దగ్గు. పడితే పడనీ, ఆవిడ చూడాలనుకునేది అదే.

మీ పెద్దమ్మ