బ్రిటిష్ గాయని అడెల్ పాడిన ‘ఈజీ ఆన్ మీ’ విడాకుల పాటేనా? మరి అందులో కోపం ఎందుకు కనిపించదు?

విడాకుల పాటే. కానీ ఎవర్నీ తిట్టే పాట కాదు. చిన్న వయసులోనే ఇదంతా మీద పడింది, నాతో మరీ కఠినంగా ఉండకు అని బతిమాలుకోవడమే ఇందులో ఉంది. 2021 అక్టోబర్ 15న వచ్చింది. ఇది ఉన్న ‘30’ ఆల్బమ్‌ని, కొడుకు పెద్దయ్యాక అమ్మానాన్న ఎందుకు విడిపోయారో అర్థం చేసుకోవాలని చేశానని ఆమే చెప్పారు. కొడుకు వినే పాటలో వాళ్ళ నాన్నని ఎలా తిడతారు?

సంగీతం కూడా చాలావరకు పియానో, గొంతు, అంతే. ‘ఈజీ’ అనే చిన్న మాటని మన గమకంలా సాగదీసి వంపులు తిప్పుతారు చూడండి, నాకైతే ఏడుపంతా అక్కడే వినిపిస్తుంది. వీడియో నలుపు తెలుపులో మొదలై మధ్యలో రంగుల్లోకి మారుతుంది.