సూది గీసిన గీతకూ మనం రాసే వాక్యానికీ మధ్య

చిరంజీవికి ఆశీస్సులు.

నువ్వు పంపిన వ్యాసం అందింది. మొదటిసారి మామూలు పాఠకుడిలా చదివాను, రెండోసారి పెన్సిలు పట్టుకుని చదివాను. అగ్నిపర్వతాల అడుగున ఏం జరుగుతోందో భూకంప శాస్త్రం ఎలా పసిగడుతుందన్న సంగతిని తెలుగులో చెప్పాలని పూనుకోవడమే మెచ్చుకోదగ్గ పని. అయితే నా పెన్సిలు మొదటి వాక్యం దగ్గరే ఆగిపోయింది. 'పర్వతం కోపంతో ఊగిపోతోంది, ఏ క్షణంలోనైనా బద్దలవుతుందని యంత్రాలు చెబుతున్నాయి' అని మొదలుపెట్టావు. యంత్రాలు అలా చెప్పవు నాయనా. ఫలానా సమయంలో ఫలానా చోట నేల ఇంత కదిలిందని మాత్రమే యంత్రం చెబుతుంది. ఆ కదలిక ఎక్కడ పుట్టిందో మనుషులు లెక్కగడతారు, ఎందుకు పుట్టి ఉంటుందో ఊహిస్తారు. నమోదు, లెక్క, ఊహ అనే ఈ మూడు మెట్లలో నీ వాక్యాలు మొదటి దాని మీంచి మూడో దాని మీదికి దూకేస్తున్నాయి. ఈ ఉత్తరం అంతా ఆ దూకుడు గురించే.

ముందుగా మాటల సంగతి చూద్దాం. 'వారం రోజుల్లో వెయ్యి భూకంపాలు' అని రాశావు. లెక్క నిజమే కావచ్చు. కానీ భూకంపం అనగానే మన పాఠకుడి కళ్ళ ముందు గోడలు బీటలు వారతాయి, జనం వీధుల్లోకి పరుగెత్తుతారు. అగ్నిపర్వతాల కింద పుట్టే కంపనాల్లో చాలా భాగం పరిమాణం (మాగ్నిట్యూడ్) 2 కూడా దాటవు, పక్కనే నిలబడ్డ మనిషికైనా తెలియవు. ఆ ఒక్క ముక్క చేర్చకపోతే నీ 'వెయ్యి' అబద్ధం కాకుండానే అబద్ధపు బొమ్మను గీస్తుంది. పరిమాణం అన్న మాట కావాలనే వాడాను. పరిమాణం భూకంపానికంతటికీ ఒక్కటే ఉంటుంది, తీవ్రత మాత్రం చోటును బట్టి మారుతుంది. మన పత్రికలు అలవాటుగా రాసే 'రిక్టర్ స్కేలుపై తీవ్రత' అన్న పదబంధంలో ఈ రెండూ కలగాపులగమయ్యాయి. నువ్వు కూడా ఆ అలవాటులో పడకు. 'బద్దలవడం' అన్న మాటతోనూ నాకు పేచీ ఉంది. బిలంలోంచి గుప్పెడు బూడిద చిమ్మినా, పర్వత శిఖరం మొత్తం ఎగిరిపోయినా మనం ఆ ఒక్క మాటే వాడుతున్నాం. ఆవిరి పేలుడా, బూడిద చిమ్మడమా, లావా పారడమా అన్నది ప్రతిసారీ విడదీసి చెప్పు. వాక్యం కాస్త పొడుగైనా ఫరవాలేదు.

భూకంప యంత్రం సూది గీసే గీతల నమోదుల్ని నువ్వు స్వయంగా చూడలేదని వ్యాసం చదివితే తెలిసిపోతోంది. ఒక రోజు మొత్తం కూర్చుని చూడు. సాధారణంగా ఒక్కో అడ్డగీతకు 15 నిమిషాలు కేటాయిస్తారు, అంటే రోజుకు 96 గీతలు. ఎక్కువ భాగం గాలి, వాన, సముద్రపు అలజడి కలిసి చేసే సన్నని వణుకు తప్ప ఏమీ ఉండదు. ఉన్నట్టుండి ఒకచోట గీత నిటారుగా లేస్తుంది. ముందు చిన్న కుదుపు, వెంటనే పెద్ద కుదుపు, ఆ తరువాత త్వరగా చల్లారిపోవడం. ఎండుకట్టె పుటుక్కున విరిగినట్టు రాయి విరిగిందన్నమాట. మొదటిది వేగంగా వచ్చే పి తరంగం, రెండోది నెమ్మదిగా వచ్చే ఎస్ తరంగం. మెరుపుకూ ఉరుముకూ మధ్య వ్యవధిని బట్టి పిడుగు ఎంత దూరంలో పడిందో చెప్పినట్టే, ఈ రెండింటి మధ్య ఎడాన్ని బట్టి దూరం చెబుతారు. ఒక సెకను ఎడముంటే సుమారు 8 కిలోమీటర్లని మోటు లెక్క. అగ్నిపర్వతం మీదే ఉన్న పరికరంలో ఆ ఎడం తరచు సెకనుకు తక్కువే ఉంటుంది.

ఇంకొంత సేపు చూస్తే మరో ఆకారం కనిపిస్తుంది. మొదలెక్కడో వేలుపెట్టి చూపించలేం, ఎస్ తరంగం విడిగా కనిపించదు, ఊపు మందంగా, ఒకే శ్రుతిలో సాగుతుంది. రాయి విరిగినప్పటి కంపనాలు సెకనుకు 5 నుంచి 15 సార్లు ఊగితే, వీటిలో ఆ సంఖ్య 0.5 నుంచి 5 దాకానే ఉంటుంది. ఒక్కో ఊపుకు ఎక్కువ సేపు పడుతుంది కాబట్టి దీర్ఘావర్తన కంపనాలంటారు. నీరో ఆవిరో వాయువులో శిలాద్రవమో (నేల అడుగున కరిగిన రాయి, మాగ్మా) నిండిన పగులు, ఒత్తిడి మారినప్పుడు, కొట్టి వదిలిన గంటలా మోగడమే వీటికి కారణమని ఎక్కువమంది అంగీకరిస్తున్న వివరణ. భూకంప శాస్త్రవేత్త బెర్నార్డ్ షూయే ఈ వివరణను గణితంతో నిలబెట్టి, ముందస్తు హెచ్చరికలకు పనికొచ్చేలా చేశాడు. అలాస్కాలోని రిడౌట్ పర్వతం 1989 డిసెంబరులో పేలడానికి ముందు దాదాపు ఒక రోజు పాటు ఇలాంటి కంపనాలు గుంపుగా వచ్చాయి. ఇవే ఒకదానిలో ఒకటి కలిసిపోయినట్టు నిమిషాల నుంచి రోజుల దాకా ఆగకుండా సాగితే దాన్ని ట్రెమర్ అంటారు. ఆ మాటను అలాగే ఉంచెయ్యి. దానికి నువ్వు కట్టిన సంస్కృత సమాసం నాకే నోరు తిరగలేదు.

ఈ వర్గీకరణ చరిత్రకు నువ్వు రెండు పేజీలు ఇచ్చావు, ఒక పేరా చాలు. ఇటలీలోని వెసూవియస్ పరిశీలనాలయంలో లూయీజీ పల్మియేరి 1856లో విద్యుదయస్కాంత భూకంప యంత్రాన్ని నెలకొల్పడం, జపాన్‌లో భూకంప శాస్త్రవేత్త ఒమోరి 1910లో ఉసు పర్వతం పేలినప్పుడు యంత్రంతో పరిశీలించడం, తరువాత అక్కడి శాస్త్రవేత్త మినకామి ఈ కంపనాలను రకాలుగా విడదీయడం చెబితే సరిపోతుంది.

ఇక నీ వ్యాసంలోని పటం దగ్గరికి వద్దాం. కంపనాలు పుట్టిన చోట్లను సూచించే చుక్కల గుంపు చూపించి, దాని కింద 'శిలాద్రవం ఉన్న చోటు' అని రాశావు. ఇదే తప్పు నేనూ చేశాను. చాలా ఏళ్ళ కిందట ఒక పత్రికకు రాసిన వ్యాసంలో ఇలాంటి పటానికే 'శిలాద్రవం పైకి వస్తున్న దారి' అని వ్యాఖ్య పెట్టాను. అచ్చయ్యాక ఒక భూభౌతిక శాస్త్రవేత్త పోస్టుకార్డు రాశాడు. అందులో రెండే వాక్యాలున్నాయి. 'అవి రాళ్ళు విరిగిన చోట్లు. శిలాద్రవం విరగదు.' సిగ్గుపడ్డాను కానీ, ఆ కార్డు నాకు నేర్పినంత ఏ పుస్తకమూ నేర్పలేదు. దారి దొరికితే శిలాద్రవం చడీచప్పుడూ లేకుండా పోతుంది. చప్పుడు చేసేది దానికి అడ్డం పడిన రాయి, లేదా దాని ఒత్తిడికి ఎక్కడో దూరంగా జారిన పాత పగులు.

ఫిలిప్పీన్స్‌లోని పినటుబో అగ్నిపర్వతం కథ తీసుకో. 1991 ఏప్రిల్ 2న ఆవిరి పేలుళ్ళు మొదలయ్యాక శాస్త్రవేత్తలు చుట్టూ పరికరాలు అమర్చి చూస్తే, కంపనాలు శిఖరానికి వాయవ్యంగా సుమారు 5 కిలోమీటర్ల దూరంలో గుంపుకట్టి ఉన్నాయి. అక్కడ శిలాద్రవం ఉందని రాసిన వాడు పప్పులో కాలేసినట్టే. మే చివరలో చాలా లోతునుంచి, దాదాపు 30 కిలోమీటర్ల కిందినుంచి, దీర్ఘావర్తన కంపనాలు వచ్చాయి. జూన్ మొదట్లో శిఖరానికి దగ్గరగా కొత్త గుంపు తలెత్తింది. జూన్ 15న మహా విస్ఫోటనం జరిగేనాటికి వేలాది మందిని అక్కడినుంచి తరలించగలిగారు. వాళ్ళు చూసింది చుక్కలు మారిన తీరును, కంపనాల రకం మారిన క్రమాన్ని. వాయువుల కొలతలను కూడా పక్కన పెట్టుకుని చూశారు.

చుక్కలు శిలాద్రవం వెంటే నడిచిన సందర్భాలూ ఉన్నాయి. ఐస్‌లాండ్‌లోని బార్దర్‌బుంగా అగ్నిపర్వతం కింద 2014 ఆగస్టు 16న మొదలైన కంపనాలు ఆగుతూ సాగుతూ రెండు వారాల్లో 40 కిలోమీటర్లకు పైగా పాకి, చివరికి హోలుహ్రౌన్ మైదానంలో లావా పైకి వచ్చింది. అప్పుడు కూడా కంపనాలు ఎక్కువగా పుట్టింది కొత్తగా చీలుతున్న ముందు కొనలోనే. శిలాద్రవం నిండుగా పారుతున్న వెనక భాగం చాలావరకు మౌనంగా ఉండిపోయింది. నీ వ్యాసంలో ఈ ఉదాహరణ ఉంది కానీ, ఆ మౌనం గురించి ఒక్క మాట లేదు. అసలు కథ అక్కడుంది, మళ్ళీ రాయి.

'శిలాద్రవ సరస్సు' అన్న పేరా కూడా తిరగరాయాలి. ద్రవంలో ఎస్ తరంగాలు సాగవు, వేడెక్కి కొంత కరిగిన రాతిలో నెమ్మదిస్తాయి. వేల కంపనాలు వేరువేరు దారుల్లో వచ్చిన సమయాలను కలిపి, రోగి ఒంట్లోకి స్కానింగ్ యంత్రం చూసినట్టు, కింది పొరల బొమ్మ కడతారు. ఆ బొమ్మలో ఎర్ర రంగు వేసిన చోటంతా కణకణలాడే ద్రవమని నువ్వు అనుకున్నావు. అమెరికాలోని ఎల్లోస్టోన్ అగ్నిపర్వతం అడుగున పై భాగంలోని నిల్వలో కరిగిన వంతు 16 నుంచి 20 శాతమని 2022లో ప్రచురితమైన పరిశోధన లెక్కగట్టింది. అంటే ఎక్కువ భాగం స్ఫటికాలే, వాటి సందుల్లో కరిగిన రాతి తడి. ఎర్ర రంగు అర్థం 'ఇక్కడ తరంగం నెమ్మదించింది' అని మాత్రమే. ఇంకా సున్నితమైన పద్ధతి మరొకటుంది. సముద్రపు అలల వల్ల నేలలో ఎడతెగకుండా ఉండే రొదను రెండు పరికరాల్లో పోల్చి, వాటి మధ్య తరంగ వేగం ఎలా మారుతోందో రోజురోజుకూ కొలుస్తారు. హిందూ మహాసముద్రంలో రియూనియన్ ద్వీపంలోని పితాన్ ద లా ఫూర్నేజ్ అగ్నిపర్వతం మీద విస్ఫోటనాలకు ముందు ఆ వేగం తగ్గినట్టు 2008లో చూపించారు. తగ్గుదల వెయ్యింట ఒక వంతు కన్నా తక్కువే. నువ్వు పనికిరాదని పారేసిన రొద ఇదే.

హెచ్చరికలు ఫలించిన కథలే ఏరుకుని రాశావు. ఫలించనివి కూడా ఉండాలి. 1976లో కరీబియన్ దీవి గ్వాదలూప్‌లోని లా సూఫ్రియేర్ అగ్నిపర్వతం కింద కంపనాలు పెరిగితే డెబ్బై వేల మందికి పైగా జనాన్ని నెలల తరబడి ఇళ్ళు విడిపించారు. ఆవిరి పేలుళ్ళు జరిగాయి కానీ, భయపడ్డ మహా విస్ఫోటనం రాలేదు. జపాన్‌లోని ఒంటాకె అగ్నిపర్వతం దగ్గర దీనికి పూర్తిగా ఎదురు జరిగింది. 2014 సెప్టెంబరు 10, 11 తేదీల్లో చిన్న కంపనాలు పెరిగి, మళ్ళీ తగ్గాయి. హెచ్చరిక స్థాయి అట్టడుగునే ఉంచారు. 27వ తేదీ మధ్యాహ్నానికి కాస్త ముందు ట్రెమర్ మొదలైంది, పదకొండు నిమిషాలకు ఆవిరి పేలుడు జరిగింది. శరత్కాలపు శనివారం కావడంతో శిఖరం నిండా జనమే, 63 మంది చనిపోయారు లేదా ఆచూకీ లేకుండా పోయారు. ఇలాంటి చోట 'శాస్త్రవేత్తలు విఫలమయ్యారు' అని రాయడం తేలిక. ఆ పెరిగి తగ్గిన కంపనాలను పేలుడు జరగకముందు ఇంకెన్ని రకాలుగా అర్థం చేసుకోవచ్చో రాయడం కష్టం. నీకు రెండోది చేతనవునని నా నమ్మకం.

క్రియాపదాల దగ్గర మన భాష నీకు సాయం చేస్తుంది. 'నమోదైంది', 'లెక్క తేలింది', 'కావచ్చునని భావించారు' అన్నవి మూడూ మూడు వేరువేరు మెట్లు. వ్యాసమంతా తిరగేసి ప్రతి వాక్యం చివర ఏ మెట్టు మీద ఆగావో చూసుకో. మనకు 'అట' అనే బంగారంలాంటి ప్రత్యయం కూడా ఉంది. వ్యాసంలో వాడితే వెటకారంగా ధ్వనిస్తుంది కాబట్టి వద్దంటున్నాను, లేకపోతే శాస్త్ర రచనకు దాన్ని మించిన పనిముట్టు లేదు.

మొదటి వాక్యాన్ని కొట్టేశాను. దాని చోట ఏం రాయాలో నేను చెప్పను, కానీ కోపం అన్న మాట రాకుండా చూడు. నాలుగో పేజీలో కొలంబియాలోని గలేరాస్ అగ్నిపర్వతం గురించి రాసిన పేరాను మాత్రం కదపకు. గీత మీద మందంగా మొదలై సన్నగా కొనదేరే ఆ కంపనాల్ని స్పానిష్‌లో మరమేకులని ఎందుకన్నారో, 1993 జనవరి 14కు ముందు అవి రోజుకు ఒకటీ అరా మాత్రమే వచ్చాయని, ఆ రోజు బిలంలో ఉన్న శాస్త్రవేత్తల్లో ఆరుగురూ సందర్శకుల్లో ముగ్గురూ ఎలా పోయారో, ఎక్కడా గొంతు పెంచకుండా చెప్పావు. దాని పక్కన నేను పెన్సిలు గీత కూడా పెట్టలేదు.

శుభాకాంక్షలతో,
నీ శ్రేయోభిలాషి